నడుము మీద బరువు

సూరత్‌లో గుడ్డ బేరమాడే వ్యాపారి మొదట అడిగే మాటల్లో డెనియర్ ఒకటి. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. చీరల్లో వాడే సన్నని పాలిస్టర్ దారం 50, 75 డెనియర్ల దరిదాపుల్లో ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలకు ఈ లెక్క కొట్టినపిండి. చీరతో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే మరో వస్తువును కూడా ఈ లెక్కతోనే పరీక్షించవచ్చు. అది సామాన్లు తగిలించుకునే నడుము బెల్టు. టాక్టికల్ బెల్ట్ అన్న పేరుతో ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముడవుతున్నది ఇదే. పోలీసులు, సెక్యూరిటీ గార్డులు, ఫ్యాక్టరీల్లో స్కాఫోల్డింగ్ ఎక్కే ఫిట్టర్లు, ట్రెక్కింగ్‌కు పోయే కుర్రాళ్లు కొంటున్నారు. రంగు, బకిల్ చూసి కొనేవాళ్లే ఎక్కువ. అసలు చూడాల్సినవి నూలు, నేత, కుట్టు. వాటికన్నా ముందు, ఆ బెల్టు ఏ పనికి పుట్టిందో తెలియాలి.

నూలు దగ్గర మొదలుపెడదాం. డెనియర్ పెరిగితే దారం లావవుతుంది. ఎంత బలంగా ఉందన్నది వేరే లెక్క. మామూలు దుస్తుల నూలు ఒక్కో డెనియర్‌కు 4, 5 గ్రాముల బరువు ఆపుతుంది. బెల్టులకు, తాళ్లకు ప్రత్యేకంగా తీసే నూలు 8, 9 గ్రాముల దాకా ఆపుతుంది. ఈ రెండో రకాన్ని తయారీలో వేడి మీద మరింత సాగదీస్తారు. అప్పుడు లోపలి పొడవాటి అణువులు దారం వెంబడి వరుసకు వచ్చి, లాగినప్పుడు అన్నీ కలిసి ఎదురు నిలుస్తాయి. 1000 డెనియర్ల అలాంటి పోగు ఒక్కటే 8 కిలోలు మోస్తుందన్నమాట. రెండంగుళాల పట్టీలో అలాంటివి వందల పోగులుంటాయి. అందుకే మంచి నైలాన్ పట్టీ రెండు టన్నులు దాటితేగాని తెగదు.

నైలాన్‌కు, పాలిస్టర్‌కు మధ్య పోటీ గట్టిదే. నైలాన్ ఎక్కువ సాగుతుంది, ఒరిపిడికి బాగా ఓర్చుకుంటుంది. అయితే గాలిలోని తేమను తన బరువులో సుమారు 4 శాతం పీల్చుకుంటుంది. తడిస్తే బలంలో సుమారు పదో వంతు తగ్గి, కాస్త సాగి, ఆరాక తేరుకుంటుంది. పాలిస్టర్ పీల్చే తేమ అర శాతం కూడా ఉండదు. తాపీ నది పక్కన, సముద్రపు గాలి సోకే సూరత్ లాంటి ఊళ్లో వానాకాలమంతా బయట తిరిగే గార్డుకు నేనైతే పాలిస్టర్ పట్టీనే సిఫారసు చేస్తాను. రాళ్లకూ ఇనుముకూ రాసుకుంటూ పనిచేసేవాళ్లకు నైలాన్ మేలు. పాలీప్రొపిలీన్ తేలిక, చవక. కానీ ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది, 165 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. చిన్న ముక్క దొరికితే నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా పిండి వదలండి. తేలితే అది పాలీప్రొపిలీన్. మిగతా రెండూ నీటికన్నా బరువైనవి, మునుగుతాయి.

నిప్పు దగ్గర మాత్రం ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు. సాధారణంగా దొరికే నైలాన్ 6 రకం 220 డిగ్రీల దగ్గర, పాలిస్టర్ 260కి కొంచెం అటూఇటూగా కరుగుతాయి. వెల్డింగ్ రవ్వ వేడి వెయ్యి డిగ్రీల పైమాట. రవ్వ పడ్డచోట పోగులు కరిగి గట్టిపడతాయి, చూడటానికి చిన్న నల్ల చుక్కలా ఉంటుంది. కానీ అక్కడ తెగిన పడుగు పోగులు ఇక బరువు మోయవు. కరిగిన నైలాన్ ఒంటికి అంటుకుంటే కాలిన గాయం మరింత లోతవుతుంది. వెల్డర్లకు, అగ్నిమాపక సిబ్బందికి తోలు గానీ, కరగకుండా మాడే అరామిడ్ నూలు గానీ కావాలి. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ పరిశోధన నుంచి వచ్చిన కెవ్లార్ ఈ అరామిడ్ జాతిదే.

ఇక నేత. బెల్టు పొడవునా పోయే పడుగే బరువు మోసేది. పేక ఆ పోగులను పక్కపక్కన పట్టి ఉంచుతుంది. పాత షటిల్ మగ్గంలో పేక రెండు వైపులా మలుపు తిరిగి వస్తుంది కాబట్టి రెండంచులూ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు పట్టీలను ఎక్కువగా నీడిల్ లూమ్ మీద నేస్తున్నారు. దీనిలో పేక ఒక పక్క నుంచి సూదితో వచ్చి, అవతలి అంచున గొలుసు అల్లికలా ముడిపడుతుంది. ఆ అంచులో అదనంగా ఒక తాళం దారం వేయకపోతే, ఒకచోట తెగిన పేక ఊడుతూ పోయి అంచంతా విచ్చుకుంటుంది. కొనేముందు రెండంచులనూ వేలితో తడిమి చూడండి. ఒక పక్క గొలుసులా తగిలితే తప్పేమీ లేదు. కానీ ఆ గొలుసును గోటితో గీరితే లేచి వస్తుంటే మాత్రం ఆ పట్టీ వద్దు. ఈ పరీక్షకు నేత కుటుంబంలో పుట్టినవాళ్లను మించిన నిపుణులు లేరు. నూలు, గుడ్డ ఎంత బరువుకు తెగుతాయో యంత్రం మీద లాగి చూసే ప్రయోగశాలలూ ఉన్నాయి. సూరత్‌లోనే 1981 నుంచి మంత్ర అనే కృత్రిమ నూలు పరిశోధన సంస్థ పనిచేస్తోంది.

నడుముకు సామాన్లు తగిలించుకోవడంలోని చిక్కును ముందుగా అర్థం చేసుకున్నవాళ్లు సైనికులు. 1858 ఆగస్టు 31న, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్ దగ్గర జరిగిన పోరులో సామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి ఎడమ చెయ్యి పోయింది. నడుముకు ఎడమ పక్క వేలాడే కత్తి ఒరను పట్టి ఆపడానికి ఆ చెయ్యే ఆధారం. ఒర బరువు బెల్టును ఒక పక్కకు లాగి, తిప్పేస్తుంది. ఆయన కుడి భుజం మీదుగా ఒక తోలుపట్టీ వేయించి, దాని కొసను ఎడమ పక్క బెల్టుకు కలిపాడు. ఒర కిందికి లాగే బలాన్ని భుజం పైకి లాగి సరిచేసింది. మన పోలీసు అధికారులు పరేడ్‌లో ఏటవాలు పట్టీతో ధరించే తోలు బెల్టుకు ఇప్పటికీ ఆయన పేరే. 1908లో బ్రిటిష్ సైన్యం తోలు మాని, మిల్స్ కంపెనీ నేసిన నూలు పట్టీలకు మారింది. ఆరేళ్లకు ప్రపంచ యుద్ధం వచ్చేసరికి నేత ఉత్పత్తి చాలక మళ్లీ తోలు సరంజామా కుట్టించుకోవలసి వచ్చింది. ఇప్పటి బెల్టుల మీద వరుసలుగా కనిపించే కుట్టుపట్టీలు 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చిన పద్ధతి. అంగుళం వెడల్పు పట్టీలు, మధ్య అంగుళం ఎడం, ప్రతి ఒకటిన్నర అంగుళానికి గట్టి కుట్టు. ఏ కంపెనీ సంచి అయినా ఏ కంపెనీ బెల్టుకైనా పట్టాలని ఆ కొలతలు పెట్టారు. స్కేలు పెట్టి చూస్తే నకళ్లు అక్కడే దొరికిపోతాయి.

సామ్ బ్రౌన్ చిక్కు ఇప్పటికీ పోలేదు. పక్కకు వేలాడే ప్రతి వస్తువూ బెల్టును తిప్పడానికే చూస్తుంది. బెల్టు మెత్తగా ఉంటే బరువున్నచోట మడతపడి కిందికి జారుతుంది. అందుకే మంచి సామాన్ల బెల్టు రెండు పొరలుగా వస్తుంది. ప్యాంటు లూపుల్లోంచి పోయే పల్చని లోపలి బెల్టు ఒకటి, దానికి వెల్క్రోతో అతుక్కునే బిరుసైన పై బెల్టు మరొకటి. పై బెల్టును అడ్డంగా పట్టుకుని మధ్యలో వేలితో కిందికి నొక్కితే వంగకూడదు. నడుము చుట్టూ తిప్పితే మాత్రం సాఫీగా తిరగాలి. వెడల్పు కూడా ముఖ్యమే. ఒకటిన్నర అంగుళాల బెల్టు మోపే ఒత్తిడితో పోలిస్తే అదే బరువుకు రెండంగుళాల బెల్టు ఒత్తిడి నాలుగో వంతు తగ్గుతుంది.

బరువు పడాల్సింది తుంటి ఎముకల పైఅంచు మీద. మన శరీర గరిమనాభి నిలబడినప్పుడు కటి భాగంలోనే ఉంటుంది కాబట్టి, అక్కడ కట్టిన బరువు నడకను పెద్దగా కుదపదు. బరువు దూరమయ్యేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. సోల్, గోల్డ్‌మన్ 1969లో చేసిన కొలతల్లో, పాదాలకు కట్టిన కిలో బరువు శరీరపు సొంత కిలో బరువుకన్నా నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తిని తిన్నది. తొడ మీదికి వేలాడే సంచులు సినిమాల్లో బాగుంటాయి. రోజంతా నడిచేవాళ్లు వాటిని వదిలేయడమే మంచిది.

బెల్టును కిందికి దించి బిగించి కడితే మరో బాధ ఉంది. తుంటి ఎముక ముందు మొన పక్కనుంచి తొడ చర్మానికి పోయే ఒక నాడి అక్కడ నలుగుతుంది. తొడ బయటి వైపు తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు మంట. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే వైద్యులకు తెలిసిన జబ్బు ఇది. పోలీసు బెల్టులు, గర్భం, ఊబకాయం దీనికి ముఖ్య కారణాల్లో ఉన్నాయి. అలాంటి తిమ్మిరి మొదలైతే బెల్టు ఒక వేలు పైకి లేపి, కొంచెం వదులు చేయండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఏ వస్తువు ఎక్కడ అన్నదానికి గడియారం లెక్క బాగా పనికొస్తుంది. బొడ్డు 12 అనుకోండి. కుడిచేతివాటం వాళ్లకు పదే పదే తీసే వస్తువు 3 దగ్గర ఉండాలి. పోలీసుకు పిస్టలు, ఫిట్టరుకు స్పానరు. ఎడమచేత్తో తీసేవి 9, 10 మధ్య. రక్తం ఆపే కట్టు మాత్రం ఏ చెయ్యి గాయపడినా మిగిలిన చెయ్యి అందుకునేచోట, అంటే ముందు భాగంలోనే పెట్టాలి. 6 దగ్గర, వెన్నెముక మీద, గట్టి వస్తువేదీ ఉండకూడదు. వెల్లకిలా పడితే వెన్నుపూసలకు మొదట తగిలేది అదే. జీపులో కూర్చున్నా అదే నడుమును ముందుకు వంచి నొప్పి పెడుతుంది. రెండు పక్కలా బరువు సమానంగా ఉందో లేదో సామానంతా తగిలించుకుని మెట్లెక్కి దిగితే తెలిసిపోతుంది.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. ఈ బెల్టుకు ఉక్కు కొక్కెం, మందమైన బకిల్ చూసి, కట్టుకుంటే కింద పడినా ఆపుతుందని నమ్మేవాళ్లున్నారు. లెక్క వేద్దాం. 80 కిలోల మనిషి 1.8 మీటర్లు పడ్డాడు, సాగని పట్టీ అతన్ని 10 సెంటీమీటర్లలో ఆపింది. ఆ క్షణంలో నడుము మీద పడే సగటు బలం అతని బరువుకు 19 రెట్లు, దాదాపు ఒకటిన్నర టన్ను. అది పడేది పేగులు, కాలేయం, వెన్ను మీద. అదే పడటాన్ని చింపుకుంటూ సాగే షాక్ అబ్సార్బర్ మీటరు దూరంలో ఆపితే బలం బరువుకు మూడు రెట్ల లోపే. ఒళ్లంతా పట్టే హార్నెస్ దాన్ని తొడలకు, కటి ఎముకలకు, ఛాతీకి పంచుతుంది. అందుకే అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడటాన్ని ఆపడానికి వట్టి నడుము బెల్టు వాడటాన్ని నిషేధించారు. బెల్టు బకిల్ ఎన్ని టన్నులు ఆపుతుందని ముద్ర వేసుకున్నా, నడుము ఆపలేదు.

తెలంగాణ తాటివనాల్లో ఈ తేడా ప్రాణాలతో తేలింది. గీత కార్మికుడి నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు ఉంటుంది. అది సామాన్ల బెల్టు. చెట్టును, నడుమును కలిపి చుట్టే మోకు ఉంటుంది. దాని మీద వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మోకు నిలబెడుతుంది, పాదం జారి తాడు వదులైతే ఆపే ఏర్పాటు దానిలో లేదు. మోకు జారి పడ్డాడన్న వార్తలు ప్రతి సీజన్‌లోనూ చదువుతూనే ఉన్నాం. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్ల పంపిణీ ప్రారంభించారు. గీత కార్మికులు కొలిచే దేవుడి పేరు పెట్టిన ఆ కిట్లు, మోసే పట్టీ వేరు, ఆపే పట్టీ వేరు అన్న సూత్రాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

కాబట్టి సామాన్ల బెల్టు కొనేవాళ్లు దాన్ని సామాన్లకే వాడండి. ఎత్తు మీద పని ఉంటే ఐఎస్ 3521 ముద్ర ఉన్న ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. పడిపోయే ప్రమాదమున్న ఎత్తులో పనిచేయించే యజమాని రక్షణ ఏర్పాటు చేయాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది, అడగటం కార్మికుడి హక్కు. బట్టకన్నా వేరే రంగు దారంతో కుట్టిన హార్నెస్ ఎంచుకోండి, తెగిన కుట్టు వెంటనే కంటపడుతుంది. ఎండలో ఆరవేసి వదిలేయకండి. ఒక్కసారి మనిషిని ఆపిన హార్నెస్ పైకి ఎంత బాగున్నా లోపల పోగులు తెగి ఉండవచ్చు. దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి, మరొకరు తీసుకుని కట్టుకోకుండా.