చింకిగుడ్డలనుండి నోటు కాగితము

చొక్కాజేబులో మరచిన నోటు ఉతుకులో తడిసినను చిరుగదు. వార్తాపత్రిక ముక్కయైనచో ముద్దయగును. కారణమేమి? వార్తాపత్రిక కొయ్యగుజ్జుతో చేసినది. అందలి పీచులు పొట్టివి; లిగ్నిన్ వలన అది పసుపుబారును. మన నోటు ప్రత్తికాగితము. ప్రత్తిపీచు పొడవైనది, దాదాపు శుద్ధమైన సెల్యులోజు.

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రమందలి డాల్టన్‌లో జీనస్ క్రేన్ 1801లో కాగితపు మిల్లు స్థాపించెను. చింకిగుడ్డలు దాచియుంచుడని స్త్రీలను కోరుచు పత్రికలో ప్రకటన వేసెను. అవియే ముడిసరకు.

చిన్ననోటు అంకె దిద్ది పెద్దనోటుగా చెల్లించు మోసము ఆనాడుండెను. దానికి విరుగుడుగా 1844లో ఆయన కుమారుడు కాగితములో పట్టుదారములు పొదుగు పద్ధతి కనిపెట్టెను. దారముల లెక్కయే నోటు విలువను తెలుపును. అంకె దిద్దవచ్చును గాని దారము చేర్చుట సాధ్యమా?

1879లో మనుమడు విన్‌త్రప్ మర్రే క్రేన్ ప్రభుత్వ నోట్లకు కాగితమిచ్చు కాంట్రాక్టు పొందెను. 2018లో ఆ శాఖ క్రేన్ అను పేరే గల వేరొక కంపెనీ వశమైనది. డాలరు నోటులో మాత్రము నేటికిని నూటికి 75 పాళ్లు ప్రత్తి, 25 పాళ్లు అవిసెనార.