పది ఒంటెల దాహం

ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుందని బాగా చదువుకున్నవారు కూడా అనుకుంటారు. మూపురంలో ఉండేది కొవ్వు. మేత దొరకనప్పుడు అది కరిగి శక్తినిస్తుంది, మూపురం చిక్కి పక్కకు వాలిపోతుంది. కడుపులో నీళ్లు నిల్వ చేసుకుంటుందన్న మాటా నిజం కాదు.

మరి ఒంటె ఎడారిలో ఎలా బతుకుతోంది? నట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త 1953-54లో అల్జీరియా సహారాలోని బెనీ అబ్బెస్ ఒయాసిస్సులో ఉండి ఒంటెలను పరిశీలించాడు. ఒంట్లో ఉన్న నీటినే ఒంటె మహా పిసినారిగా ఖర్చు పెడుతుందని తేల్చాడు. మనకు రెండు డిగ్రీల జ్వరమొస్తే మంచమెక్కుతాం. నీళ్లు దొరకని ఒంటె ఒంటి వేడి తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. అంతవరకూ చెమట పట్టడం బహు తక్కువ. పగటి వేడిని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. ఒంటిమీది బొచ్చు ఎండను ఆపుతుంది. బొచ్చు కత్తిరించి చూస్తే నీటి నష్టం ఒకటిన్నర రెట్లయింది. (అరణ్యంలో బాప్తిస్మమిచ్చు యోహాను ధరించింది ఈ రోమాల వస్త్రమే!)

ఎండలో మనిషి ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, గుండె దాన్ని తోయలేదు, ప్రాణం పోతుంది. ఒంటె మాత్రం బరువులో నాలుగోవంతు నీరు కోల్పోయినా రక్తాన్ని పలచగానే ఉంచుకుని నడుస్తుంది. నీళ్లు కనబడితే పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్లు తాగేస్తుంది! ఒక్కసారిగా అన్ని నీళ్లు చేరితే ఇతర జంతువుల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కోలగా ఉండే ఒంటె రక్తకణాలు రెండింతలకు పైగా ఉబ్బినా పగలవు.

ఇప్పుడు ఆదికాండం 24వ అధ్యాయం తెరవండి. అబ్రాహాము సేవకుడు పది ఒంటెలతో కనాను నుండి నాహోరు పట్టణానికి వచ్చి, సాయంకాలం బావి దగ్గర వాటిని మోకరింపజేశాడు. దాహమడిగితే తనకే కాక ఒంటెలకూ నీళ్లు పోస్తాననే అమ్మాయే ఇస్సాకుకు భార్య కావాలని ప్రార్థించాడు. దీన్ని ఏదో చిన్న గురుతు అన్నట్టు ప్రసంగాల్లో దాటేస్తుంటాం. బాటసారికి గుక్కెడు నీళ్లు ఎవరైనా ఇస్తారు. పది ఒంటెలకు పోయడమంటే? దారిలో అవి తాగే ఉంటాయి గనుక ఒక్కోదానికి వంద కాదు, యాభై లీటర్లే అనుకుందాం. ఐదొందల లీటర్లు! కడవకు పదిహేను లీటర్లు పట్టినా ముప్పైసార్లకు పైగా ఊటలోకి దిగాలి, నింపుకుని ఎక్కాలి, తొట్టిలో కుమ్మరించాలి. రిబ్కా ఈ పని పరుగెత్తుతూ చేసిందని వాక్యం చెబుతోంది.

అప్పటికి ఆమెకు ఆ ముసలాయన ఎవరో తెలియదు. బంగారం సంగతి అసలే తెలియదు. ఆయనేమో మాట్లాడకుండా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. చివరి ఒంటె తాగి తల ఎత్తేదాకా ఆ ముక్కుకమ్మి, కడియాలు మూటలోనే ఉన్నాయి.