పాత బండికి కొత్త బ్రేకు పైపు

ఈ సంచికకు ఏం రాయాలని అడిగితే, తెలిసింది రాయమన్నారు. నాకు తెలిసింది షెడ్డు. ముప్పై అయిదేళ్ళుగా చేతికి గ్రీజు అంటుకోని రోజు లేదు. అందుకే, ఇంట్లో పాత అంబాసిడర్ ఉంచుకున్న వాళ్ళు తరచుగా అడిగే ఒక సంగతి గురించి రాస్తున్నాను. బ్రేకు రబ్బరు పైపు పోయింది, కంపెనీది దొరకడం లేదు, ఇంకోటి ఏదైనా సర్ది వేయవచ్చా? వేయవచ్చు. కానీ ఏది వేయకూడదో ముందు తెలియాలి. అది నేను తెలుసుకున్న పద్ధతి మంచిది కాదు, దాని గురించి తర్వాత చెప్తాను.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేశారు. ఇనుప సామాను ఫర్వాలేదు, తుక్కు బండి నుంచి తీసి కడిగి బిగిస్తే పని చేస్తుంది. రబ్బరు అలా కాదు. వాడినా వాడకపోయినా దానికి వయసు వస్తుంది. పదిహేనేళ్ళుగా దుకాణం అటక మీద కవరులో ఉన్న 'కొత్త' పైపును వేళ్ళతో మడిచి చూడండి, పైతోలు సన్నగా చిట్లి కనిపిస్తుంది. దాన్ని కొత్తది అనడానికి లేదు.

అసలు ఆ పైపు చేసే పనేమిటో చూద్దాం. కాలితో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి స్టీలు పైపుల గుండా చక్రాల దగ్గరికి పోయి, వీల్ సిలిండర్లను తెరిచి, షూలను డ్రమ్ముకు అదుముతుంది. స్టీలు పైపు చాసిస్‌కు బిగించి ఉంటుంది, చక్రం మాత్రం గుంటలో దిగుతుంది, లేస్తుంది, ముందు చక్రమైతే పక్కలకు కూడా తిరుగుతుంది. కదలని దానికీ కదిలేదానికీ మధ్య వంగే ముక్క ఒకటి కావాలి, అదే రబ్బరు పైపు. అంబాసిడర్‌కు ఇవి మూడు: ముందు చక్రాలకు చెరొకటి, వెనక ఇరుసుకు ఒకటి. వెనక ఇరుసు ఒకే దుంగ కాబట్టి ఒకటి సరిపోతుంది.

టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలు ఉంటే చాలు. మామూలుగా బ్రేకు వేసినప్పుడు ఈ పైపులో ఒత్తిడి ముప్పై నలభై కిలోలు ఉంటుంది. ఎదురుగా పిల్లవాడు పరుగెత్తుకొచ్చి గట్టిగా తొక్కితే వంద దాకా పోవచ్చు. అందుకే ఈ పైపుకు మూడు పొరలు. లోపల మూడు మిల్లీమీటర్ల సన్నని రంధ్రంతో రబ్బరు గొట్టం, దాని మీద రెండు వరసల దారపు అల్లిక, పైన మళ్ళీ రబ్బరు తొడుగు. బలమంతా ఆ అల్లికదే. 4000 పి.ఎస్.ఐ. ఒత్తిడిని రెండు నిమిషాలు తట్టుకోవాలని, ఎడతెగకుండా ఊపుతూ ఉంటే 35 గంటలు నిలవాలని అమెరికా నిబంధన. ఈ లెక్కలు చూస్తే, పెట్రోలు పైపు ముక్క తెచ్చి రెండు క్లిప్పులు బిగించి బ్రేకు లైనులో పెట్టేవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి. నేను కళ్ళారా చూశాను. క్లిప్పు పట్టు ఆ ఒత్తిడి ముందు ఎంత సేపు?

ఇక నా కథ. మా అబ్బా వదిలి వెళ్ళిన 1974 బండి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 2016 వేసవిలో దాని వెనక పైపు చెమర్చడం మొదలైంది. గుంటూరులో అడిగాను, అన్నీ అటక సరుకే. విజయవాడ ఆటోనగర్‌లో జె.సి.బి.లకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు కొలిచి కోసి, రెండు చివర్లా మెషిన్ మీద ప్రెస్ చేసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. ఆ పైపులో దారం కాదు, స్టీలు తీగ అల్లిక. ఒక మాదిరి సైజుదే మన బ్రేకు ఒత్తిడికి రెండింతలకు పైగా మోస్తుంది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. దుకాణం కుర్రవాడు "ఏ ఆయిల్‌కి, భాయ్?" అని అడిగాడు. "ఆయిల్‌కే" అన్నాను. అతను అడగవలసింది అడిగాడు, నేనే చెప్పవలసింది చెప్పలేదు. చివర్లకు లేతు మీద అడాప్టర్లు తిప్పించి బిగించాను. పెడల్ రాయిలా నిలిచింది. ఎంత మురిసిపోయానో.

పది వారాల తర్వాత నంద్యాలలో ఖాలా ఇంట పెళ్ళికి బయలుదేరాం. బండిలో నా భార్య, ఆపా, ఆమె ఇద్దరు పిల్లలు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ బరువుగా లాగుతోంది. ఎండకు అనుకున్నాను. దిగేటప్పుడు వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. మలుపులో బ్రేకు మీద కాలు పెడితే పెడల్ నేల దాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేలకే. గేరు మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి వేసి, బండిని కొండ వైపు మట్టికట్టకు ఆనించాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అల్హందులిల్లాహ్. దిగి చూస్తే వెనక డ్రమ్ములు రెండూ పొగలు కక్కుతున్నాయి. ఆపా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పిల్లలను చెరో చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది, అంతే.

తర్వాత షెడ్డులో ఆ పైపును నిలువునా కోశాను. తీగ అల్లిక చెక్కు చెదరలేదు. లోపలి రబ్బరు మాత్రం నానిన శనగలా ఉబ్బి, మెత్తబడి, దారిని దాదాపు మూసేసింది. కాలి బలం ఆయిల్‌ను అందులోంచి ముందుకు నెట్టగలిగింది. వెనక్కి లాగేది షూ స్ప్రింగులు మాత్రమే, వాటి బలం చాలలేదు. ఆయిల్ తిరిగి రాక షూలు డ్రమ్మును వదల్లేదు. ఆ రాపిడికి వేడి పుట్టి, వీల్ సిలిండర్లోని ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరిని ఎంత తొక్కినా అది నలుగుతుందే తప్ప ఒత్తిడి పుట్టించదు. మా బండికి మాస్టర్ సిలిండర్ పాత పద్ధతిది, నాలుగు చక్రాలకూ ఒకే గది. వెనక లైనులో ఆవిరి పుడితే ముందు చక్రాలకూ బ్రేకు ఉండదు. చేతిబ్రేకు తీగ మీద విడిగా పని చేసినా, అది లాగేది కూడా ఆ కాలిన వెనక షూలనే.

ప్రెషర్ చూశాను, రబ్బరు చూడలేదు. జె.సి.బి. పైపు లోపలి గొట్టం సాధారణంగా నైట్రైల్ రబ్బరు. ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ వంటి ఖనిజ తైలాలకు అది పుట్టింది. మనం బ్రేకు ఆయిల్ అని పిలిచేది అసలు నూనే కాదు, గ్లైకాల్ జాతి రసాయనం. డాట్ 3, డాట్ 4 అని డబ్బా మీద రాసేది దాని రకమే. దానికి నిలిచేది ఇ.పి.డి.ఎం. అనే రబ్బరు. ఈ ఇ.పి.డి.ఎం. మళ్ళీ ఖనిజ తైలానికి ఆగదు. డాట్ డబ్బా చేతికి అందక, కొంచెమే కదా అని బ్రేకు డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసిన బండ్లు నా షెడ్డుకు చాలా వచ్చాయి. పైపులే కాదు, మాస్టర్ సిలిండర్ నుంచి చివరి వీల్ సిలిండర్ దాకా ప్రతి రబ్బరు వాషరూ ఉబ్బిపోతుంది. అన్నీ మార్చి లైను మొత్తం కడగడం తప్ప మార్గం లేదు. అనుమానం ఉంటే డబ్బాలోంచి నాలుగు చుక్కలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. బ్రేకు ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది, నూనె పైన తేలుతుంది.

ఈ చిక్కు మన బండ్లదే కాదు. ఫ్రాన్సులో 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారుకు బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను అన్నీ ఒకే హైడ్రాలిక్ పంపు మీద నడుస్తాయి. మొదట్లో దానికి ఎరుపు ద్రవం, 1966 నుంచి ఆకుపచ్చ ఖనిజ తైలం. చూడటానికి బండి అదే, లోపలి రబ్బరు మాత్రం వేరు. ఒకదాని ద్రవం మరొకదాంట్లో పోస్తే సీళ్ళన్నీ పాడే.

మరి ఏది వేయవచ్చు? బ్రేకు పైపుగానే తయారైంది ఏదైనా పరిశీలించవచ్చు. ఇంకో బండి పైపు కావచ్చు, లేదా కొలతకు చేయించుకున్నది కావచ్చు. మోటారు సైకిళ్ళ డిస్కు బ్రేకులకు ఇప్పుడు లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టెయిన్‌లెస్ స్టీలు అల్లిక ఉన్న పైపులు వస్తున్నాయి. టెఫ్లాన్‌కు ఏ ఆయిల్‌తోనూ పేచీ లేదు. రంధ్రం సన్నం, ఉబ్బదు. అటువంటి పైపును కావలసిన పొడవుకు కోసి, కావలసిన మరల చివర్లు మెషిన్ మీద ప్రెస్ చేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మా బండికి చివరికి వేసింది అదే. ఒక్క జాగ్రత్త, ఆ స్టీలు అల్లిక ఆకురాయిలాంటిది. చాసిస్‌కో స్టీలు పైపుకో రాసుకుంటే దాన్ని కోసేస్తుంది, కాబట్టి మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. పాత పైపు చివర్లు కోసి కొత్త పైపుకు ఎక్కించే పని మాత్రం ఎవరు చేసి పెడతామన్నా వద్దనండి. ఒకసారి నొక్కుకున్న లోహం రెండోసారి అదే పట్టు పట్టదు.

మరల సంగతి కొంచెం నిదానంగా చదవండి. అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, అందువల్ల మరలు అంగుళాల లెక్క. మూడు సూత్, అంటే 3/8 అంగుళం మరకు వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. ఈ కాలం బండ్లలో ఎక్కువగా కనిపించేది పది మిల్లీమీటర్లది, చుట్టుకు చుట్టుకు మధ్య ఒక మిల్లీమీటరు. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. పది మిల్లీల బోల్టు మూడు సూత్ రంధ్రంలోకి పోదు, అక్కడ ప్రమాదం లేదు. కానీ మూడు సూత్ చివర పది మిల్లీల రంధ్రంలోకి పోతుంది! వదులుగా తిరిగి, చివరికి బిగిసినట్టే అనిపిస్తుంది. అది నిలిచేది మరల కొనల మీద. షెడ్డులో బాగుంటుంది, గట్టిగా తొక్కిన రోజున మరలు చీల్చుకుని ఊడిపోతుంది. పిచ్ గేజీ పెట్టి చూడకుండా కొత్త చివరను బిగించకండి. చేత్తో తిప్పినప్పుడు కొంచెం ఊగుతుంటే అక్కడే ఆపండి.

టెఫ్లాన్ టేపు చుట్టడం నల్లా పనివాళ్ళ అలవాటు, బ్రేకుకు పనికిరాదు. ఇక్కడ లీకును ఆపేది మర కాదు. స్టీలు పైపు విచ్చుకున్న అంచు గానీ, పైపు మెడ కింద రాగి వాషరు గానీ ఆపుతుంది. టేపు వేస్తే దాని పోగులు లైనులో పడి ఎక్కడో అడ్డం పడతాయి. రాగి వాషరు కొత్తది దొరకకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చండి, మళ్ళీ మెత్తబడి బాగా అదుముకుంటుంది. ఇది మా ఉస్తాద్ నేర్పిన పని. సర్దుబాట్లలో నేను మనసారా ఒప్పుకునేవి ఇలాంటివే.

పైపు పొడవును బండి నిలబెట్టి కొలవకూడదు. ముందు చక్రాలకైతే జాకీ ఎత్తి చక్రం పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగును ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి కొలవాలి. లాగి పట్టినట్టు ఉండకూడదు, మెలి పడకూడదు, టైరుకు తగలకూడదు. బిగించి గాలి తీసిన తర్వాత ఒక మనిషి బలమంతా పెట్టి పెడల్‌ను రెండు నిమిషాలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు టార్చి వేసి ప్రతి అతుకునూ చూడాలి. పెడల్ నెమ్మదిగా దిగుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. తర్వాత ఖాళీ మైదానంలో, ఒక్కరే.

ఇంకా మార్చని పాత పైపు లోపల మూసుకుందా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బండి ఒక పక్కకు లాగుతోందా, ఒక డ్రమ్ము మిగతావాటికంటే వేడిగా ఉంటోందా? ఆ చక్రాన్ని జాకీ మీద ఎత్తి, బ్రేకు తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. బిగిసిపోయి ఉంటే, రబ్బరు పైపుకు ముందున్న స్టీలు పైపు నట్టు కాస్త వదులు చేయండి. అయినా తిరగకపోతే చక్రం దగ్గరి బ్లీడింగ్ నిప్పల్ విప్పండి. అప్పుడు చిమ్మి, చక్రం తిరిగితే, దోషం మధ్యలోని రబ్బరు పైపుదే. ఆ రోజు ఘాట్ ఎక్కకముందు గిద్దలూరులో ఆగి ఈ అయిదు నిమిషాల పని చేసి ఉంటే సరిపోయేది.

దారిలో పైపు పగిలితే, ఆ చక్రం లైనును డమ్మీ చేసి మూసి, మిగిలిన మూడింటితో నడపడం డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. ముందు చక్రాన్ని అలా మూస్తే బ్రేకు వేసినప్పుడల్లా బండి రెండో వైపుకు తిరగబడుతుంది. షెడ్డు దగ్గరలోనే ఉంటే, బండిలో మనుషులెవరూ లేకుండా, నడక వేగంతో తీసుకురావచ్చు. అంతకు మించి వద్దు.

కోసిన ఆ జె.సి.బి. పైపును షెడ్డులో మేకుకు వేలాడదీశాను. కొత్తగా పనికి చేరిన కుర్రాళ్ళు అదేమిటని అడుగుతారు. లోపల వేలు పెట్టి చూడమంటాను.