బడికి నడిచే దారి ఏదీ?

ఈ ఏడు బడి తెరిచిన వారంలో మా ఆరో తరగతి పిల్లల్ని 'నడిచి వచ్చేవాళ్లు చేతులెత్తండి' అన్నాను. నాలుగు చేతులు లేచాయి. సైకిల్‌కు రెండు. మిగతావాళ్లంతా నాన్న బండి మీదో, షేర్ ఆటోలోనో వచ్చినవాళ్లే. మా కాలంలో తొరపాడి వీధుల్లో గుంపులుగా నడిచే బడికి పోయేవాళ్లం.

అప్పట్లో తొరపాడి పట్టణ పంచాయతీ. 2011లో వేలూరు కార్పొరేషన్‌లో కలిసింది. 2016లో వేలూరు స్మార్ట్ సిటీల జాబితాకెక్కింది. ఇళ్లు పెరిగాయి, బండ్లు పెరిగాయి. నడిచేవాళ్లకు మాత్రం చోటు పెరగలేదు. రోడ్డు అంచున కరెంటు స్తంభం, అది దాటితే దుకాణం బోర్డు, అదీ దాటితే నిలిపిన బండి. పిల్లలు రోడ్డు మీదికి దిగక తప్పదు.

నిరుడు నవంబరు వానల్లో మా పిల్లాడొకడు తవ్వి వదిలేసిన గుంతలో సైకిల్‌తో సహా పడ్డాడు. ముంజేయి విరిగింది. గుంత ఎవరు తవ్వారని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చేయి అతుక్కున్నాక వాళ్లమ్మ టీసీ అడగడానికి వచ్చింది. "పక్క వీధిలోకే ఇంగ్లీషు మీడియం బడి వ్యాను వస్తుంది సార్. ఈ రోడ్డు మీద వీణ్ణి ఎట్లా పంపేది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మన బళ్లకు అసలు చిక్కు ఇదే. విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ఐదో తరగతి దాకా కిలోమీటరులోపు, ఎనిమిది దాకా 3 కిలోమీటర్లలోపు బడి ఉండాలని ఉంది. ఆ దూరంలో ఏదో ఒక బడి దొరుకుతుంది, తెలుగు మీడియం బడే దొరకాలని లేదు. వేలూరులోనైనా గుడియాత్తంలోనైనా మన పిల్లలు రెండు మూడు వీధులు ఎక్కువే నడవాలి. దారి చెడితే ముందు తగ్గేది మన హాజరు పట్టీలో పేర్లే.

ఆరోగ్యం సంగతి సరేసరి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కిలోమీటరున్నర దూరం రానూ పోనూ చురుగ్గా నడిస్తే అందులో 40 నిమిషాల దాకా తీరిపోతుంది. పీటీ పీరియడ్లు ఉన్నాయి కదా అంటారేమో, వాటిని లెక్కల మాస్టార్లు లాక్కుంటారు (నేనూ లాక్కున్నవాణ్ణే). ప్రభుత్వం పదకొండో తరగతిలో ఉచితంగా సైకిల్ ఇస్తోంది. తొక్కడానికి దారి కూడా ఉండాలి కదా.

తల్లిదండ్రులు కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. ఉదయం గేటు దగ్గర ఆ పావుగంట నడిచే పిల్లలకు ప్రమాదం తెచ్చేది మన బండ్లే. భయపడి బండి మీద దింపుతాం, ఆ బండిని చూసి ఇంకొకరు భయపడతారు.

ఫుట్‌పాత్ అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. సురక్షితమైన ఫుట్‌పాత్ 21వ అధికరణం కింద హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ చేర్చి వార్డు ఆఫీసుకు అర్జీ పెట్టాం. తమిళంలో రాసింది మా ఎనిమిదో తరగతి అమ్మాయి, నాకంటే బాగా రాసింది.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా రోజూ ఎనిమిదింబావుకు గుడి మలుపు దగ్గర పిల్లలంతా కలుస్తున్నారు. ముందొక తల్లి, వెనక నేను, మధ్యలో వరుసగా వాళ్లు. చేయి విరిగిన పిల్లాడూ వస్తున్నాడు. టీసీ కాగితం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.