చేపల మార్కెట్ వీధిలో రామెన్

జపాన్‌కు దక్షిణాన క్యూషూ దీవిలో ఉన్న ఫుకుఒకా నగరంలో నగహామా అనే పేట ఉంది. సముద్రం పక్కనే. చేపల టోకు మార్కెట్ అక్కడికి 1955లో వచ్చింది. వేలంపాటలు తెల్లవారకముందే మొదలవుతాయి. పెట్టెలు దించేవాళ్లకు, మోసేవాళ్లకు, పాట పాడేవాళ్లకు, లారీ డ్రైవర్లకు అందరికీ ఆ వేళలోనే ఆకలి. తీరిగ్గా కూర్చుని తినే పరిస్థితి కాదు. వేడిగా, కడుపుకు పట్టేలా నాలుగు ముద్దలు తిని మళ్లీ పనిలో పడాలి. ఇప్పుడు న్యూయార్క్ నుంచి సింగపూర్ దాకా జనం వరసలో నిలబడి తింటున్న టోంకోత్సు రామెన్, అంటే పంది ఎముకల సూప్‌లో వేసిన నూడుల్స్, ఇలా ఉండటానికి ఆ మనుషుల తొందరే కారణం. అందుకే ఆ రుచి ఎక్కడ దొరికినా దాని తీరు అర్థం కావాలంటే నగహామాకే వెళ్లాలని నేనంటాను.

ముందు నూడుల్స్ సంగతి. సప్పోరో నగరం వైపు నూడుల్స్ లావుగా, వంకర్లు తిరిగి, సాగుతూ ఉంటాయి. ఇక్కడివి సన్నగా, తిన్నగా ఉంటాయి. పిండి కలిపేటప్పుడే నీళ్లు బాగా తక్కువ పోస్తారు. మరిగే నీళ్లలో వేస్తే నిమిషం లోపే ఉడికిపోతాయి. వేలంపాట మధ్యలో పరుగెత్తుకొచ్చిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ దీనికో చిక్కుంది. తక్కువ నీళ్లతో కలిపిన పిండి సూప్‌ను గబగబా పీల్చుకుంటుంది. గిన్నె నిండా వేసిస్తే సగం తినేసరికి మిగిలింది మెత్తబడి ముద్దవుతుంది. అందుకని మొదట కొంచెమే వేస్తారు. అవి అయిపోయాక, గిన్నెలో సూప్ మిగిలి ఉండగానే, ఇంకో వాయి నూడుల్స్ అడగాలి. దాన్ని కాయెదామ అంటారు. మన బంతిలో మారు వడ్డించినట్టే, కాకపోతే దీనికి విడిగా కొంత డబ్బు తీసుకుంటారు. ఈ అలవాటు నగహామాలోనే పుట్టిందని ఊళ్లో అందరూ చెబుతారు.

ఆ పేటలోని గన్సో నగహామాయా అనే హోటల్ 1952లో తోపుడు బండిగా మొదలైంది. అక్కడ దొరికేది ఒక్క రామెన్ మాత్రమే. మెనూ చూసి ఆలోచించే పనే లేదు. లోపలికి వచ్చినవాళ్లు ఎందరో చూసుకుని వంటవాళ్లు అన్ని గిన్నెలు వరసగా పెట్టేస్తారు. రోజూ వచ్చేవాళ్లు గుమ్మంలోంచే ఒక్క మాట అంటారు: ‘కతా’ అనో, ‘బెతా’ అనో. కతా అంటే నూడుల్స్ కాస్త పలుకుగా ఉండాలని. బెతా అంటే కొవ్వు దండిగా వెయ్యమని. కుర్చీ లాక్కుని కూర్చునే లోపే గిన్నె ముందుకొస్తుంది. బల్ల మీద రెండు కెటిల్స్ ఉంటాయి. ఒకదాంట్లో టీ, ఇంకోదాంట్లో ఉప్పగా ఉండే సోయా సాస్ రసం. ఆ రెండోది మారు కోసం. కొత్తగా వచ్చిన నూడుల్స్ వెంట నాలుగు చుక్కల వేడి నీళ్లు కూడా గిన్నెలోకి వచ్చి సూప్ చప్పబడుతుంది. ఆ రసం కాస్త పోసుకుంటే ఉప్పు సరిపోతుంది.

పలుకు విషయంలో ఫుకుఒకావాళ్ల పట్టింపు ఇంతా అంతా కాదు. యవా అంటే మెత్తగా, ఫుత్సూ అంటే మామూలుగా, కతా అంటే గట్టిగా, బారికతా అంటే ఇంకా గట్టిగా. ఆపైన హారిగనే, అంటే ఇనప తీగ అంత. నూడుల్స్‌ను కొన్ని క్షణాలు మాత్రమే నీళ్లలో ముంచి తీసే పద్ధతీ ఉంది. కుర్రవాళ్లు పంతానికి పోయి అది అడుగుతుంటారు. నా మటుకు నాకు పచ్చి పిండి వాసన వచ్చే నూడుల్స్‌లో గొప్పదనం కనిపించదు. మొదటిసారి వెళ్లేవాళ్లు కతా అడగడం మంచిది. తింటున్న కొద్దీ సూప్ వేడికి అవే మెత్తబడతాయి, మొదటి ముద్దకూ చివరి ముద్దకూ మధ్య తేడా నాలుకకు తెలుస్తుంది.

కౌంటర్ ముందు చోటు దొరికితే వంటవాడి చేతుల్నే చూస్తుండండి. గిన్నె అడుగున ముందు చిక్కటి సాస్ ఒక గరిటె పడుతుంది. దాన్ని తారే అంటారు. ఉప్పంతా అందులోనే ఉంటుంది. దాని మీద తెల్లటి సూప్ పొగలు కక్కుతూ పడుతుంది. ఈలోగా పక్క కుండలో నూడుల్స్ ఉడుకుతుంటాయి. చాలామంది వంటవాళ్లు గడియారం వైపు చూడరు. జల్లెడ గరిటెతో వాటిని పైకెత్తి రెండు మూడుసార్లు బలంగా విదిలిస్తారు. ఆ విదిలింపులో నీటి చుక్క మిగలకూడదు, మిగిలితే సూప్ పాడవుతుంది. గిన్నెలోకి జార్చి, చాప్‌స్టిక్స్‌తో ఒక్కసారి ఎత్తి మడత పెట్టినట్టు సర్దుతారు. పైన పల్చటి పంది మాంసం ముక్కలు, ఉల్లికాడల తరుగు పడతాయి. కొన్ని హోటళ్లలో నల్ల పుట్టగొడుగుల సన్నటి తరుగు కూడా వేస్తారు. అంతే. అలంకారానికి ఎవరూ ఆగరు, ఎందుకంటే మీ నూడుల్స్ అప్పటికే మెత్తబడటం మొదలుపెట్టాయి.

ఆ సూప్ తెలుపు వెనక మాత్రం బోలెడు ఓపిక ఉంది. పంది ఎముకలను గంటల తరబడి పెద్ద మంట మీద కుతకుతలాడిస్తారు. సన్న సెగ మీద కాస్తే సూప్ తేటగానే ఉండిపోతుంది. పెద్ద మంట మీద మూలుగ కరిగి, ఎముకలను పట్టుకున్న స్నాయువుల్లోని జిగురు నీళ్లలోకి దిగి, కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లతో కలిసిపోతుంది. అప్పుడే పాల రంగు వస్తుంది. ఈ సంగతి ఫుకుఒకాకు దక్షిణాన ఉన్న కురుమేలో బయటపడిందంటారు. అక్కడ 1937లో నాన్కిన్ సెన్ర్యో అనే బండి పంది ఎముకల సూప్‌తో రామెన్ అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి సూప్ ఇంత తెల్లగా ఉండేది కాదు. 1947లో సాంక్యూ అనే బండి యజమాని సూప్ పొయ్యి మీద పెట్టి బయటికి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి అది తెగ మరిగి తెల్లబడిపోయింది. పారబోయకుండా రుచి చూశాడు, బాగుంది. ఆ ఊళ్లో కొందరు ఇవాళ్టికీ కుండ ఖాళీ చెయ్యరు, పాత సూప్‌లోనే కొత్తది కలుపుతూ పోతారు. ఇలాంటి హోటళ్ల దగ్గర వాసన ఘాటుగా ఉంటుందని ముందే చెప్పాలి. అలవాటు లేనివాళ్లు గుమ్మం దగ్గరే వెనకాడతారు. నోట్లో పెట్టుకున్నాక మాత్రం ఆ వాసన ఇక గుర్తురాదు.

బల్ల మీద ఎర్రటి అల్లం ఊరగాయ, నువ్వులు, వెల్లుల్లి ఉంటాయి. మిరపకారం దట్టించిన ఆవ ఆకు ఊరగాయ, అంటే తకనా కూడా చాలాచోట్ల ఉంటుంది. మన నాలుక వెంటనే దాని మీదికే పోతుంది. తొందరపడకండి. ముందు సూప్ ఒక్క గుక్కైనా దాని రుచితోనే తాగాలి, కారం పడ్డాక ఇక ఆ రుచి దొరకదు. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి మనం ఇవ్వగలిగిన మర్యాద అదొక్కటే. కారం మారుతో వేసుకుంటే రెండో వాయి కొత్త వంటలా ఉంటుంది.

నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రుకుంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. టిప్ ఇవ్వకూడదు. తిన్నాక కబుర్లు చెబుతూ కూర్చోవడం మాత్రం పద్ధతి కాదు, వెనక నిలబడ్డవాళ్ల ఆకలిని కూడా చూడాలి.

ఈ రుచిని పేట దాటించిన హోటళ్లలో ఇప్పుదో ఒకటి. 1985లో ఫుకుఒకాలోనే షిగెమి కవహారా దాన్ని తెరిచారు. జిడ్డు నేల, ఘాటు వాసన ఉన్న హోటళ్లకు ఆడవాళ్లు రావడం లేదని, వాళ్లు నిస్సంకోచంగా వచ్చి తినేలా శుభ్రంగా తీర్చిదిద్దారు. ఇచిరాన్ అనే హోటల్‌ది ఇంకో దారి. ఒక్కో మనిషికి ఒక్కో చెక్క అర, ముందు చిన్న తెర, ఎదురుగా గిన్నె తప్ప ఇంకేమీ కనిపించదు. రెండూ బాగానే ఉంటాయి. కానీ పక్కవాడి మోచెయ్యి తగులుతూ తినే బల్లే నాకు ఇష్టం.

ఆ బల్లలు ఎక్కువగా యతాయ్ అనే రాత్రి బండ్ల దగ్గర ఉండేవి. యుద్ధం తర్వాత బతుకు తెరువు కోసం పుట్టిన ఈ బండ్లు 1960ల్లో నగరమంతా కలిపి 400 దాటాయి. ఫుట్‌పాత్‌లకు అడ్డమని, శుభ్రత లేదని ఫిర్యాదులు వచ్చి, 1990ల మధ్యలో కొత్తవాళ్లకు అనుమతులు ఆపేశారు. ముసలివాళ్లు తప్పుకుంటున్న కొద్దీ బండ్లూ పోయాయి. నగహామాలో వరసకు వరసే చీకటి పడింది. నగర పాలక సంస్థ 2013లో యతాయ్‌ల కోసం ప్రత్యేక నిబంధనావళి తెచ్చి, తర్వాత బహిరంగంగా దరఖాస్తులు పిలిచి కొత్త యజమానులను ఎంపిక చెయ్యడం మొదలుపెట్టింది. అలా 2023లో నగహామాకు మళ్లీ కొత్త బండ్లు వచ్చాయి. వీధి వ్యాపారాన్ని తుడిచిపెట్టడమో గాలికి వదిలెయ్యడమో తప్ప మూడో దారి లేదనుకునే నగరాలు ఈ ఊరిని చూసి నేర్చుకోవాలి.

ఆరోగ్యం గురించీ చెప్పాలి. సూప్‌తో సహా గిన్నె ఖాళీ చేస్తే 5, 6 గ్రాముల ఉప్పు ఒంట్లోకి పోతుంది. మగవాళ్లు రోజు మొత్తానికి 7.5 గ్రాములు దాటవద్దని జపాన్ ఆరోగ్య శాఖే చెబుతోంది. సూప్ కొంత వదిలేసినా తప్పేమీ లేదు. పంది మాంసం తినని మనవాళ్లకు పైన ముక్కలు తీసేస్తే సరిపోదు, సూపే ఎముకలది. శాకాహారులు ఉదోన్ అనే మరో రకం నూడుల్స్ హోటల్‌కు వెళ్లినా ఆ రసం ఎండు చేపలతో కాచిందే అయి ఉంటుంది. పూర్తిగా శాకాహార రామెన్ అమ్మే హోటళ్లు పెద్ద నగరాల్లో ఉన్నాయి. టోక్యో స్టేషన్ లోపలి టీస్ తాన్‌తాన్ అలాంటిదే.

యతాయ్‌కు వెళ్లేవాళ్లు నలుగురికి మించకుండా వెళ్లాలి, బండికి పదిమంది పట్టడమే కష్టం. చిల్లర యెన్‌లు దగ్గర ఉంచుకోండి. బండ్లు సాయంత్రం ఆరు దాటాకే తెరుస్తారు, గాలివాన వస్తే అసలు కట్టరు.