అండమాన్ దీవులలో ఉచిత న్యాయ సహాయం

బ్రిటిష్ పాలనలో అండమాన్ అనగానే ద్వీపాంతరవాస శిక్ష గుర్తుకు వచ్చేది. 1906లో నిర్మాణం పూర్తయిన సెల్యులర్ జైలుకు తరలివచ్చిన ఖైదీల విచారణ సముద్రానికి ఆవలి ఒడ్డుననే ముగిసేది. ఈ దీవులకు చేరేది శిక్ష మాత్రమే. నేడు అవే దీవులు బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ మాట్లాడే కుటుంబాలకు స్వస్థలాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడివారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు వీరిలో పెక్కుమంది.

భూమి తగాదా, కూలి బకాయి, భరణం, బెయిలు వంటి వ్యవహారాలు అన్నిచోట్లవలెనే ఇక్కడా తలెత్తుతాయి. 1953 నాటి చట్టం ద్వారా ఈ దీవులు కలకత్తా హైకోర్టు పరిధిలోకి వచ్చినవి. పోర్ట్ బ్లెయర్‌లో ఆ హైకోర్టు సర్క్యూట్ బెంచి పనిచేస్తున్నది. ఈ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అయితే కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల ఉండేవారికి ఆ పట్టణం చేరడమే పెద్ద ప్రయాణం. పైగా హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో జరుగుతాయి.

తన కేసును తానే వాదించుకొనే హక్కు పౌరునికి ఉన్నది. కాని అర్జీ ఎట్లా రాయాలో, గడువు ఎప్పటితో ముగుస్తుందో, సాక్షిని ఏమి అడగాలో తెలియనివానికి ఆ హక్కు ఏమాత్రం అక్కరకు వస్తుంది? ఈ లోటును తీర్చడానికే 1976లో రాజ్యాంగంలో 39-ఏ అధికరణను చేర్చారు. దాని ఆశయం మేరకు 1987లో రూపొందిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. నికోబారీలు షెడ్యూల్డు తెగ కాబట్టి వారందరికీ ఈ అర్హత ఉన్నది. పెను విపత్తులకు గురైనవారిని సైతం చట్టం ఈ జాబితాలో చేర్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీని చూసిన దీవులకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. తక్కినవారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. దానికి ప్రమాణపత్రం చాలునని అధికారులు అంగీకరించవచ్చు.

సహాయమంటే న్యాయవాదిని నియమించడం ఒక్కటే కాదు. చట్టపరమైన సలహా ఇవ్వడం కూడా చట్టం చెప్పిన న్యాయ సేవలో భాగమే. కాబట్టి తన కేసును తానే నడుపుకొనదలచినవారు సైతం సలహా కోరవచ్చు. చదువురాని వ్యక్తి నోటిమాటగా చెప్పినా అధికారి రాసుకొని వేలిముద్ర తీసుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు తెలుస్తాయి. క్రిమినల్ విచారణలో సాక్ష్యం నిందితునికి తెలియని భాషలో ఉంటే, అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే అనువదించి చెప్పాలన్నది మరొక రక్షణ.

మరి తనకీ హక్కు ఉన్నదని తెలియక, అడగనివాని గతి ఏమిటి? అప్పట్లో కేంద్రపాలిత ప్రాంతమైన అరుణాచల్ ప్రదేశ్ నుంచి ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వచ్చింది. మారుమూల కోర్టులో న్యాయవాది లేకుండానే విచారణ జరిగి, సుక్‌దాస్ అనే ఉద్యోగికి రెండేళ్ల జైలు శిక్ష పడింది. అతడు సహాయం కోరలేదు గనుక విచారణలో దోషం లేదని హైకోర్టు భావించింది. 1986లో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం ఆ శిక్షను రద్దు చేసింది. ఉచిత సహాయం పొందే హక్కు ఉన్నదని పేద నిందితునికి తెలియజేయడం న్యాయస్థానం బాధ్యతేనని స్పష్టం చేసింది.

ఆ తీర్పు దీవులకూ వర్తిస్తుంది. ఒకప్పుడు శిక్ష మాత్రమే ఓడ దిగిన తీరంలో నేడు హక్కు కూడా దిగింది. అది క్యాంప్‌బెల్ బే లోని జాలరి గుమ్మం దాకా, అతని భాషలోనే చేరినప్పుడు 39-ఏ అధికరణ ఆశయం నెరవేరినట్లవుతుంది.