పెట్టెలో పెట్టిన సంఖ్య

మీ తరగతిలో అందరి లెక్కల మార్కులనూ జాబితాగా కంప్యూటరుకు ఇచ్చారనుకోండి. రమణకూ లక్ష్మికీ చెరో 85 వచ్చాయి. "ఇద్దరివీ సమానమేనా?" అని అడిగితే "అవును" అంది. మరునాడు అదే ప్రోగ్రాముకు ఎత్తులు ఇచ్చారు. రమణ 150 సెంటీమీటర్లు, లక్ష్మి కూడా 150 సెంటీమీటర్లే. కాని కంప్యూటరు "సమానం కాదు" అంది! ఇదేమి వింత?

ఇది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో నిజంగా జరిగేదే. 1995లో వెలువడిన ఈ భాషలో విలువలు రెండు తెగలు. "ఇంట్" అనే సాదా పూర్ణసంఖ్యకు మెమరీలో 4 బైట్ల చోటు చాలు. రెండో తెగ ఆబ్జెక్టులు. ఆబ్జెక్టు మెమరీలో ఎక్కడో ఉంటుంది. ప్రోగ్రాము చేతిలో ఉండేది దాని చిరునామా మాత్రమే.

"అర్రేలిస్ట్" వంటి జావా జాబితాలు దాచుకునేది ఈ చిరునామాలనే. సాదా సంఖ్యకు అందులో చోటు లేదు. కనుక చీటీ మీద సంఖ్య రాసి అగ్గిపెట్టెలో పెట్టినట్లు, దాన్ని ముందు "ఇంటిజర్" అనే పెట్టెలో పెట్టాలి. మొదట్లో ఈ పనిని ప్రోగ్రాము రాసేవారే చేసుకునేవారు. 2004లో వచ్చిన జావా 5 నుంచి భాషే చేసిపెడుతోంది. దీనినే ఆటోబాక్సింగ్ అంటారు. సుఖమే కాని, పెట్టె కంటికి కనబడకుండా పోయింది. చిక్కంతా అక్కడే!

== గుర్తును రెండు సాదా సంఖ్యల మధ్య పెడితే విలువలను పోలుస్తుంది. రెండు పెట్టెల మధ్య పెడితే చిరునామాలను పోలుస్తుంది. రెండు అగ్గిపెట్టెల్లోనూ 150 అనే ఉన్నా, అవి ఒకే పెట్టె కావు కదా!

మరి మార్కులప్పుడు సరిగ్గా ఎలా చెప్పింది? చిన్న సంఖ్యల అవసరం తరచుగా పడుతుంది. అందుచేత -128 నుంచి 127 వరకు జావా పెట్టెలను సిద్ధంగా ఉంచుకుంటుంది. 85 ఎన్నిసార్లు కావలసినా ఆ ఒక్క పెట్టె చిరునామానే ఇస్తుంది. మార్కులు నూరు దాటవు, తప్పు బయటపడలేదు. నన్నడిగితే, అప్పుడప్పుడు సరైన జవాబిచ్చే తప్పుడు ప్రోగ్రామంత ప్రమాదం మరొకటి లేదు.

పెట్టెలకు ఖర్చు కూడా ఉంది. 64-బిట్ యంత్రాల్లో సాధారణంగా ఒక్కో ఇంటిజర్ పెట్టెకు 16 బైట్లు, దాని చిరునామాకు 4 బైట్లు పడతాయి. పది లక్షల సంఖ్యలకు 40 లక్షల బైట్లు సరిపోయేచోట 2 కోట్ల బైట్లు! అందుకే పెద్ద లెక్కలకు సాదా సంఖ్యలనే వరుసగా పేర్చే "అర్రే" మేలు.

జాబితాయే కావాలంటే, == బదులు పెట్టె విప్పి లోపలి విలువను చూసే "ఈక్వల్స్" వాడండి. బడిలో కంప్యూటరు దొరికితే ముందు 127తో, తరువాత 128తో రెండు పద్ధతులూ చేసి చూడండి.